గాజీ నావికుల కొరకు దుఆ చేయవచ్చునా?



నవంబరు చివరి వారం నుండి మా విశాఖపట్నంలో పిల్లలకు పాఠం చెప్పడం తేలికైన పని కాదు. నౌకాదళ దినోత్సవ సన్నాహాలు మొదలవుతాయి. హెలికాప్టర్లు ఇళ్లపైకప్పుల మీదుగా సముద్రం వైపు సాగిపోతాయి. ఆ చప్పుడు వినబడగానే పిల్లల చూపు పుస్తకం మీద నిలవదు. ముప్పై ఏళ్ల బోధనలో మేము నేర్చుకున్న సంగతి ఒకటున్నది: అటువంటప్పుడు వారిని గదమాయించి ప్రయోజనం లేదు. పాఠం కాసేపు ఆపి, మేడ మీదికి పంపి, మళ్లీ పిలిపించుకోవడమే మేలు.

ఆ రోజు కూడా అలాగే చేశాము. అప్పుడు జరుగుతున్నది హదీసు పాఠం; అజాన్ ఎలా మొదలయిందన్న అధ్యాయం. పిల్లలు తిరిగి వచ్చి కూర్చున్నారు. పన్నెండేళ్ల విద్యార్థి ఒకడు మాత్రం పుస్తకం తెరువలేదు.

"హజ్రత్, గాజీలో చనిపోయినవాళ్ల కోసం దుఆ చేయవచ్చా?" అని అడిగాడు.

తక్కిన పిల్లలు తలలెత్తి మా ముఖం వైపు చూశారు. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాము. సాయంత్రం ఆటస్థలంలో తోటి పిల్లవాడొకడు, "మీ గాజీని మావాళ్లు ముంచేశారు" అన్నాడట. ఆ అన్నవాడు రోజూ వీడితో కలిసి క్రికెట్ ఆడేవాడే.

"నీవేమన్నావు?"

"ఏమీ అనలేదు, హజ్రత్."

మేమూ ఏమీ అనలేదు. "ఇది పాఠంలో అడిగే ప్రశ్న కాదు, పుస్తకం తెరువు" అన్నాము. పిల్లవాడు తల వంచి పుస్తకం తెరిచాడు. పాఠం సాగిపోయింది.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత చాలాసేపు నిద్ర పట్టలేదు. మేము ఎందుకు మౌనం వహించామో మాకు తెలుసు. మదరసాలో పలికిన మాట వీధిలోకి వెళ్లేసరికి మరొక మాట అవుతుందన్న భయం. ఆ భయం పూర్తిగా నిరాధారమైనదని చెప్పలేము. కాని దాని మూలంగా మేము ఆ బిడ్డకు నేర్పినదేమిటి? నీ ప్రశ్న సిగ్గుపడదగినదని నేర్పాము. ఆటస్థలంలో వాడు మౌనంగా నిలబడ్డాడు. పాఠశాలలో గురువు కూడా మౌనంగానే నిలబడ్డాడు. ఇక వాడు ఎక్కడ మాట్లాడాలి? పాఠం చెప్పడం వృత్తిగా గలవాడు ప్రశ్నను చూసి తప్పించుకోవడం చిన్న పొరపాటు కాదు. అందుకే ఈ నెల మా శీర్షికను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాము. ఇటువంటి ప్రశ్న మీ ఇంటి భోజనాల వేళ కూడా రావచ్చును.

ముందు చరిత్ర తెలుసుకోవాలి. తెలియని చరిత్ర గురించి తీర్పు చెప్పడం పండితునికైనా, పామరునికైనా తగదు.

నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న జరుగుతుంది. 1971 యుద్ధంలో ఆ తేదీ రాత్రి మన నౌకాదళం కరాచీ రేవుపై జరిపిన దాడికి అది స్మరణ. నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు ఆ దాడికి వెళ్లాయి. కిల్తాన్, కచ్ఛల్ అనే రెండు నౌకలు వాటికి తోడుగా నడిచాయి. ఆ పడవలు సోవియట్ దేశంలో తయారైనవి. దూరప్రయాణాలకు కాక తీరరక్షణకు ఉద్దేశించినవి. వాటిని శత్రువు ముంగిటి వరకు తీసుకువెళ్లడమే ఎవరూ ఊహించని సంగతి. బబ్రూ భాన్ యాదవ్ నాయకత్వంలో జరిగిన ఆ దాడిలో పాకిస్తాన్ యుద్ధనౌక ఖైబర్, మందుపాతరలు ఏరివేసే నౌక ముహాఫిజ్, వీనస్ చాలెంజర్ అనే సరుకు ఓడ మునిగిపోయాయి. మన పక్షాన ఆ రాత్రి ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ కార్యానికి పెట్టిన పేరు ఆపరేషన్ ట్రైడెంట్.

కరాచీ ఎక్కడ, విశాఖ ఎక్కడ అని పాఠకులు అడగవచ్చును. మా ఊరికి ఈ తేదీతో ఉన్న బంధం అంతకు ఒక్క రాత్రి ముందటిది. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ 1971 నవంబరు 14న కరాచీ నుండి బయలుదేరి, శ్రీలంకను చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకి ముంచడం, విశాఖ రేవు ముఖద్వారంలో మందుపాతరలు అమర్చడం దాని పని. అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను అండమాన్ దీవుల వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్లు శత్రువు నమ్మేలా చేశారు. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక విక్రాంత్ పేరుతో సంకేతాలు పంపింది. పెద్ద నౌకాదళానికి సరిపడా భోజన సామగ్రి కావాలని ఊరిలో పురమాయించారు. వార్త దానంతట అదే పాకుతుందని ఆయనకు తెలుసు.

డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ రాజ్‌పుత్ రేవు దాటి బయటికి వచ్చింది. నీటిలో అనుమానాస్పదమైన కదలిక కనిపించి లోతు బాంబులు వదిలింది. కొంతసేపటికి సముద్రంలో పెద్ద పేలుడు వినిపించింది. మరునాడు జాలరులకు నీటిపై తేలుతున్న వస్తువులు దొరికాయి. వాటిని బట్టి, తరువాత గజ ఈతగాళ్ల గాలింపును బట్టి, అక్కడ మునిగినది గాజీయేనని తేలింది. అందులో ఉన్న తొంభైమందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదు. రాజ్‌పుత్ దాడి వలననే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వలన గాని, తన మందుపాతరల వలన గాని మునిగి ఉండవచ్చునని పాకిస్తాన్ అంటుంది. ఏది ఏమైనా ఆ ఓడ నేటికీ మా తీరానికి చేరువలోనే, సముద్రగర్భంలో ఉన్నది. 2017లో తెలుగులో ఘాజీ చలనచిత్రం వచ్చిన తరువాత ఈ కథ ప్రతి ఇంటికీ చేరింది. మా విద్యార్థితో ఆ మాట అన్న పిల్లవాడు బహుశా అది చూసినవాడే అయి ఉంటాడు.

మా ఇంట్లో ఈ కథ చలనచిత్రానికి చాలా ముందు నుండే ఉన్నది. అప్పటికి మేము ఒడిలోని బిడ్డలము. మా నాన్నగారు రేవులో మూటలు మోసే కూలి. ఊరంతా దీపాలు ఆర్పివేయమని ఆజ్ఞలు. లాంతరు గాజుకు నల్లకాగితం చుట్టి, దాని వెలుగు నేల మీద మాత్రమే పడేలా పెట్టుకున్నామని అమ్మ చెప్పేది. అర్ధరాత్రి దాటాక కిటికీ తలుపులు ఒక్కసారిగా అదిరాయట. మా నాయనమ్మ వెంటనే లేచి, బియ్యం మూట, ఖుర్ఆన్ ప్రతి ఒక గుడ్డలో కట్టి గుమ్మం దగ్గర పెట్టి కూర్చున్నదట. ఎందుకంటే అది ఆమె చూసిన రెండవ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేసినప్పుడు, జనం చేతికందినది పట్టుకొని పల్లెలకు పరుగులు తీశారు. అప్పుడు ఆమె కొత్త కోడలు. వండిన అన్నం కుండతో సహా వదిలి వెళ్లామని, తిరిగి వచ్చేసరికి ఇల్లు అలాగే ఉన్నది గాని కుండ లేదని నవ్వుతూ చెప్పేది. ఆమె చెప్పిన తీరులో ఏ పక్షమూ ఉండేది కాదు. బాంబు పడేటప్పుడు కింద ఉన్నవాడు ఎవడని చూడదు అనేది.

ఆ మాటే గాజీ మందుపాతరలకూ వర్తిస్తుంది. అవి రేవు ముఖాన అమరి ఉంటే, యుద్ధనౌకకు, చేపల పడవకు తేడా చూసేవి కావు. మా నాన్నగారు మూటలు దించే సరుకు ఓడను కూడా ముంచివేసేవి. కనుక మా విద్యార్థి ముందుగా తెలుసుకోవలసినది ఇది: గాజీ వచ్చినది నీ ఊరి మీదికి, నీ తాత పనిచేసిన రేవు మీదికి. ఆ రాత్రి ఊరిని కాచినవారు నిన్ను కూడా కాచారు.

రెండవది, ఆ యుద్ధం మతాల మధ్య యుద్ధం కాదు. 1970 డిసెంబరు ఎన్నికలలో తూర్పు పాకిస్తాన్ ప్రజలు గెలిపించిన పక్షానికి అధికారం అప్పగించడానికి పాలకులు నిరాకరించారు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా నగరం మీద పడింది. ఆ తరువాతి నెలలలో చంపబడినవారిలో, చెరచబడినవారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. దాదాపు కోటి మంది శరణార్థులై సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. జండా మీద నెలవంక ఉన్నంత మాత్రాన, ఓడకు ధర్మయోధుడన్న అర్థం గల గాజీ అనే పేరు పెట్టినంత మాత్రాన, చేసిన పని ధర్మం కాజాలదు. ప్రజలకు జరిగే అన్యాయాన్ని చూస్తూ దానికి మతం ముసుగు వేయడం ఎంత పాపమో మేము పిల్లలకు ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాము. పేరును చూసి పక్షం నిర్ణయించుకునే పని ఆటస్థలంలోని పిల్లవాడు చేసినా తప్పే, మనం చేసినా తప్పే. అంతకు ఆరేళ్ల ముందు, 1965 యుద్ధంలో, శత్రు టాంకులను ధ్వంసం చేస్తూ ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు కూడా ఆ బిడ్డ తెలుసుకోవాలి.

మూడవది, మరణం ఒక పక్షానిది మాత్రమే కాదు. అదే డిసెంబరు 9 రాత్రి మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచివేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన మనుషులను బయటికి పంపుతూ తాను ఓడతోనే మునిగిపోయారు. దీవ్‌లో వారికి స్మారకం ఉన్నది. కరాచీలో మునిగిన ఖైబర్‌లో రెండు వందలకు పైగా నావికులు పోయారు. యుద్ధం డిసెంబరు 16న ముగిసింది. పద్నాలుగు రోజులలో అరేబియా సముద్రం అటూ ఇటూ, బంగాళాఖాతం ఒడ్డునా ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగకుండా పోయిందో అల్లాహ్‌కే తెలుసు.

మా ఊరి రామకృష్ణా బీచ్‌లో ఈ యుద్ధానికి స్మారకం ఉన్నది. 1996లో నిర్మించారు. 'విక్టరీ ఎట్ సీ' అని దానికి పేరు. ప్రతి డిసెంబరు 4 ఉదయం నౌకాదళ అధికారులు అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. బాకా ఊదుతారు. అందరూ మౌనంగా నిలబడతారు. దగ్గరలోనే కుర్సురా జలాంతర్గామి ఇసుక మీద ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, 2002 నుండి ప్రజల సందర్శనార్థం తెరిచి ఉన్న ఓడ అది. అందులోకి వెళ్లినవారికి తెలుస్తుంది జలాంతర్గామిలో బ్రతుకు ఎంత ఇరుకో. పొడవు 91 మీటర్లు. కాని లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. పడక మీద లేచి కూర్చుంటే తల తగులుతుంది. ఒక గది నుండి మరొక గదికి గుండ్రని రంధ్రంలో నుండి దూరి వెళ్లాలి. మేము ఒకసారి అందులో మధ్యభాగంలో నిలబడి, ఇటువంటి చోట తొంభైమంది చీకటిలో, నీరు చొచ్చుకు వస్తుండగా, అనుకొని బయటికి వచ్చేశాము. ఆ ఊహలో వారు ఏ జండా కింద ఉన్నారన్నది జ్ఞాపకం రాలేదు.

ఇక గంట సంగతి. ఆ రోజు పాఠం అజాన్ గురించి అని మనవి చేశాము కదా. మదీనాలో ముస్లింల సంఖ్య పెరిగినప్పుడు, నమాజు వేళకు అందరినీ ఎలా పిలవాలన్న సమాలోచన జరిగింది. క్రైస్తవుల వలె నాఖూస్ మోగిద్దామని కొందరు, యూదుల వలె కొమ్ము ఊదుదామని కొందరు, మంట వెలిగిద్దామని కొందరు సూచించారు. తరువాత హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి) కలలో విన్న పలుకులను దైవప్రవక్త (స) ఆమోదించి, హజ్రత్ బిలాల్ (రజి) చేత పలికించారు. ఆ విధంగా మన ఆరాధనకు పిలుపు గంట కాక మనిషి గొంతు అయింది. కాని ఆ సమాలోచనలో గంటను సూచించిన సహచరుణ్ణి ఎవరూ గద్దించలేదు. వహీ కొన్నిసార్లు గంట మ్రోగినట్లు వినిపించేదని, అది అన్నింటికంటే భారమైన విధమని దైవప్రవక్త (స) తెలిపిన సంగతి సహీహ్ బుఖారీ మొదటి పుటలలోనే ఉన్నది. మన ఆరాధనలో లేని వస్తువును ఇతరులు తమ స్మరణలో వాడుకుంటే దానిని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించడం విద్యార్థి లక్షణం.

ఓడకు గంట అలంకారం కాదు. గడియారాలు అందరికీ లేని కాలంలో ఓడ మీద సమయం చెప్పినది గంటే. ప్రతి అర్ధగంటకు ఒక దెబ్బ చొప్పున పెంచుతూ, నాలుగు గంటల కాపలా ముగిసేసరికి ఎనిమిది దెబ్బలు కొడతారు. ఎనిమిది దెబ్బలు వినబడితే అలసిన కాపలాదారు దిగి, మరొకడు ఎక్కుతాడు. దట్టమైన మంచులో ఓడ ఉనికిని ఇతర ఓడలకు తెలిపేదీ గంటే. అందుకే ఓడ మునిగినప్పుడు దాని గంటను వెదకి తీయడం, దానిని మృతుల జ్ఞాపకార్థం మోగించడం సముద్రదేశాలలో ఆచారమైంది. లండన్‌లో లాయిడ్స్ బీమా భవనంలో లుటీన్ అనే ఓడ గంట ఉన్నది. అది 1799లో మునిగిన ఓడ. పూర్వం ఏదైనా ఓడ పోయిందన్న వార్త వస్తే ఒకసారి, ఆలస్యమైన ఓడ క్షేమంగా చేరిందన్న వార్త వస్తే రెండుసార్లు ఆ గంట మోగించేవారు. 1941లో హుడ్ అనే బ్రిటిష్ యుద్ధనౌకతో పాటు 1,415 మంది మునిగిపోయారు. దాని గంటను 2015లో సముద్రగర్భం నుండి పైకి తీసి, మరుసటి ఏడు 75వ వర్ధంతి నాడు మోగించారు.

అమెరికా జలాంతర్గామి నావికులకు మరొక ఆచారం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో తాము కోల్పోయిన 52 జలాంతర్గాముల పేర్లను వరుసగా చదువుతూ, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్కసారి గంట కొడతారు. గాజీ కూడా అమెరికాలో పుట్టిన ఓడే. దాని మొదటి పేరు డయాబ్లో. 1944 డిసెంబరు 1న నీటిలోకి దించారు. మరుసటి ఏడు సేవలో చేరేసరికి యుద్ధం ముగింపుకు వచ్చింది. కనుక అది ఆ 52లో చేరలేదు. 1964లో పాకిస్తాన్‌కు వచ్చింది. ఒక యుద్ధం నుండి క్షేమంగా బయటపడిన ఓడ, ఇరవై ఏడేళ్ల వయసులో మా ఊరి ముంగిట మునిగింది. కట్టినవారి జాబితాలో దానికి గంట లేదు. మునిగిన చోట దాని పేరు విజయానికి గుర్తు. దానిలోని మనుషులను తలచుకోవలసినవారు సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్నారు.

మా రేవు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరాలయం, ఒకదాని మీద మేరీమాత చర్చి. ఓడలు రేవులోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు దర్గా కొండ వైపు మూడుసార్లు జండా దించి ఎత్తే ఆచారం ఒకప్పుడు ఉండేదని ఆంగ్లేయుల కాలపు విశాఖపట్నం జిల్లా గెజిటీరు తెలుపుతుంది. సమాధుల పట్ల అటువంటి ఆచారాలను గురించి ధర్మశాస్త్రం ఏమంటుందో మేము ఇదే శీర్షికలో వ్రాసియున్నాము. ఆ మాటను ఇప్పుడు మార్చుకోవడం లేదు. కాని ఆ జండాలు దించిన నావికులందరూ ముస్లింలు కారన్నది గమనించదగినది. సముద్రం మీదికి పోయేవాడు ఒడ్డున ఎవరి ఆశీర్వాదమైనా వద్దనడు. ఈ ఊరి రేవు ఆ విధంగానే పెరిగింది. ఈ ఊరి పిల్లలు ఆటస్థలంలో 'మీ', 'మా' అని విడిపోవడం ఈ మూడు కొండలకు తెలియని కొత్త విద్య.

ఇప్పుడు ప్రశ్నకు జవాబు.

ఒక శవయాత్ర పోతుండగా దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది ఒక యూదునిదని సహచరులు మనవి చేశారు. అతడు మాత్రం ప్రాణి కాదా అన్న భావంతో ఆయన ఎదురు ప్రశ్నించారు. ఎంతో కాలం తరువాత ఖాదిసియాలో ఇద్దరు సహచరులు ఇతర మతస్థుని శవయాత్రకు లేచి నిలబడి, కారణం అడిగినవారికి ఈ సంఘటననే వినిపించారు. యుద్ధంలో సైతం శత్రువు శవాన్ని ఛిద్రం చేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. కాబట్టి మరణించినవానిని చూసి గేలి చేయడం మన ధర్మంలో లేదు. వాడు ఏ పక్షంవాడైనా సరే.

గాజీలో మరణించిన విశ్వాసుల కొరకు అల్లాహ్ క్షమాభిక్షను కోరవచ్చును. విశ్వాసి కొరకు మరొక విశ్వాసి చేసే ప్రార్థనకు దేశపు సరిహద్దు అడ్డు కాదు. అయితే ఆ దుఆ వారు వచ్చిన పనికి సమర్థన కాదు. ఒకడు తప్పు చేస్తూ మరణించినా అతని కొరకు క్షమాపణ కోరుతాము. అతని తప్పును ఒప్పు అనము. మనలను కాచుతూ ఖుక్రీతో మునిగిపోయినవారి పట్ల కృతజ్ఞత మన మీద ఋణం. ఏ ధర్మంవారైనా వారి కుటుంబాలకు ఓదార్పును, ఈ దేశానికి శాంతిని కోరడం మన విధి. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు. ఉన్నదని మనకు చెప్పేవారు మన హృదయం ఎంత చిన్నదని అనుకుంటున్నారో!

మన నౌకాదళం గాజీని కదిలించకుండా, అందులో పోయినవారి విశ్రాంతి స్థలంగానే వదిలివేసింది. యుద్ధం చేసినవారే మృతులకు ఆ మాత్రం మర్యాద ఇచ్చినప్పుడు, యుద్ధం చేయని మనం ఆటస్థలంలో వారిని మళ్లీ ఎందుకు ముంచాలి?

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఇటువంటి మాట పడి ఇంటికి వచ్చినప్పుడు, "వాళ్లతో ఆడవద్దు" అనకండి. "నోరు మూసుకొని ఉండు" అని కూడా అనకండి. మొదటిది ద్వేషం నేర్పుతుంది, రెండవది అవమానం నేర్పుతుంది. చరిత్ర చెప్పండి. మీకు తెలియకపోతే తెలుసుకొని చెప్పండి. మన తెలుగులో ఒక అందమైన మాట ఉన్నది. 'మా' అంటే వినేవాడు బయట ఉంటాడు. 'మన' అంటే లోపలికి వస్తాడు. "మీ గాజీని మావాళ్లు ముంచారు" అని ఎవరైనా అంటే, "అది నా ఓడ కాదు, ముంచినవాళ్లు మనవాళ్లు, చనిపోయినవాళ్లు మనుషులు" అని చెప్పడం నేర్పండి. కోపం లేకుండా, తల దించకుండా చెప్పడం నేర్పండి.

డిసెంబరు 4 ఉదయం మేము ఫజ్ర్ తరువాత పదిహేనుమంది పిల్లలను వెంటబెట్టుకొని బీచ్‌కు వెళ్లాము. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. మా టోపీలు, గడ్డాలు చూసి ఎవరైనా ఏమైనా అంటారేమోనని లోపల ఒక బెరుకు ఉన్నదని దాచడం ఎందుకు? స్మారకానికి దూరంగా, రోడ్డు పక్కన నిలబడ్డాము. అక్కడే నిలబడి ఉన్న ఒక వృద్ధుడు, కోటుకు పతకాలు పెట్టుకున్నవాడు, మమ్మల్ని చూసి, "మౌల్వీగారూ, పిల్లలను ఇటు తీసుకురండి, అక్కడ నుంచి చెట్టు అడ్డం వస్తుంది" అన్నారు. వెళ్లాము. ఆయన జరిగి చోటిచ్చారు.

బాకా ఊదారు. అందరూ నిశ్శబ్దమయ్యారు. అలల చప్పుడు తప్ప మరేమీ లేదు. మా విద్యార్థి చేతులు పైకెత్తలేదు. కళ్లు మాత్రం మూసుకున్నాడు. వాడు ఎవరి కొరకు ఏమి కోరాడో మేము అడగలేదు. అది వాడికి, అల్లాహ్‌కు మధ్య సంగతి.

కార్యక్రమం ముగిశాక ఆ వృద్ధుడు పిల్లలను పలకరించారు. మా విద్యార్థి ధైర్యం చేసి, "తాతగారూ, గాజీలో ఉన్నవాళ్లు మీకు శత్రువులేనా?" అని అడిగాడు. మాకు గుండె ఆగినంత పని అయింది.

ఆయన కాసేపు సముద్రం వైపు చూశారు. "పైన ఉన్నంతసేపూ శత్రువులేరా బాబూ. వస్తే వదిలిపెట్టేవాళ్లం కాదు. మునిగిపోయాక అందరూ నావికులే" అన్నారు.

మేము నాలుగు పుటలలో చెప్పినది ఆయన రెండు మాటలలో చెప్పారు.

మదరసాకు తిరిగి వచ్చి, ఆగిన చోట నుండి పాఠం మొదలుపెట్టాము. ఈసారి ఆ పిల్లవాడే చదివాడు. సహచరుల సమాలోచన, కల, ఆపై హజ్రత్ బిలాల్ (రజి) గొంతు. పాఠం అయిపోయేసరికి జుహర్ వేళ అయింది. ఆ రోజు అజాన్ ఇచ్చే వంతు కూడా వాడిదే.

అల్లాహ్ మన ఊరిని, మన రేవును, సముద్రం మీద బ్రతుకు వెళ్లదీసే ప్రతి ఒక్కరినీ కాపాడుగాక. మన పిల్లలకు సత్యం పలికే నాలుకను, విశాలమైన హృదయాన్ని ప్రసాదించుగాక. వారి ప్రశ్నలకు భయపడని గురువులను, తల్లిదండ్రులను వారికి ఇచ్చుగాక. ఆమీన్.